నడుమ ఇంగ్లీషు తీసేసి చూస్తే: అనంతపురంలో ఒక మొదటి ఏడాది ఫ్రెంచి విద్యార్థిని కేసు

ఆ అమ్మాయికి మొదటి ఇంటర్నల్ పరీక్షలో 30కి 6 మార్కులొచ్చాయి. ఆ ఆరింటిలో నాలుగు జతపరిచే ప్రశ్నకు పడినవే. సొంతంగా రాయాల్సిన ఐదు వాక్యాల్లో ఐదూ తప్పే. తరగతిలో మూడో బెంచీలో కూర్చుని ఒక్క మాటా వదలకుండా రాసుకునే పిల్ల, ఒక్కరోజు కూడా మానని పిల్ల. ఆరు మార్కులు ఆమెకెంత అవమానమో, నాకూ అంతే. అందుకే ఈ కేసును మొదటినుంచి చివరిదాకా రాసిపెడుతున్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, ఊరూ రాయడం లేదు.

నేను అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు రెండో భాషగా ఫ్రెంచి చెబుతాను. వారానికి నాలుగు గంటలు, రెండు సెమిస్టర్లు. ఏడాది ముగిసేసరికి ఏ1 స్థాయి అందుకోవాలని లక్ష్యం. యూరప్ వాళ్ళు భాషల కోసం పెట్టుకున్న ఆరు మెట్లలో అది మొదటిది. తన గురించి చెప్పుకోవడం, ధర అడగడం, టైము చెప్పడం, చిన్న ఉత్తరం రాయడం, ఇంతే. ఇంత చిన్న లక్ష్యం దగ్గరే మన పిల్లలు చాలామంది బోల్తా పడుతున్నారు. కారణం తెలివి తక్కువై కాదని నాకు ఎప్పుడూ అనుమానం ఉండేది. ఈ కేసుతో అది తేలిపోయింది.

ఆమెది వేరుశనగ పండించే ఇల్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫ్రెంచి ఎందుకు తీసుకున్నావని మొదటి వారం అడిగాను. "మా అక్క చెప్పింది మేడమ్. ఆర్డీటీ వాళ్ళ భాషల బడిలో నేర్చుకున్నోళ్ళకు కంపెనీల్లో ఉద్యోగాలొచ్చినాయంట" అంది. అనంతపురంలో ఇది ఊహలో మాట కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆ సంస్థ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇక్కడ విదేశీ భాషల బడి కూడా నడుపుతోంది. స్పానిషో ఫ్రెంచో జర్మనో నేర్చుకుని బెంగళూరు, హైదరాబాదు వెళ్ళిన పల్లె పిల్లలు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. ఆమె ముందున్న ఆశ చాలా స్పష్టమైనది. దాన్ని నా పాఠం చెడగొడుతోంది.

రఫ్ కాగితం

పరీక్ష పేపరు ఇచ్చిన రోజు సాయంత్రం ఆమెను ఆగమన్నాను. తప్పులు చెబుదామని కాదు, ఆమె వాక్యం ఎలా తయారవుతోందో చూద్దామని. తెల్లకాగితం ఇచ్చి, "నీ వయసు ఎంతో ఫ్రెంచిలో రాయి, తొందరేం లేదు" అన్నాను.

ఆమె ముందు తెలుగులో రాసుకుంది: నాకు పద్దెనిమిదేళ్ళు. దాని కింద ఇంగ్లీషులో రాసింది: ఐ యామ్ ఎయిటీన్. దాని కింద ఫ్రెంచి: జ స్వీ దీజ్వీత్. "జ స్వీ" అంటే "ఐ యామ్" అని నేనే చెప్పాను కదా మరి. ఆమె లెక్క ప్రకారం వాక్యం సరైనదే. కానీ ఫ్రెంచివాడు అలా అనడు. "జే దీజ్వీతాఁ" అంటాడు. మాటకు మాటగా చెప్పుకుంటే, నాకు పద్దెనిమిది ఏళ్ళు ఉన్నాయి.

కాగితం మీద మూడు వరుసలు. మొదటి వరుసకూ మూడో వరుసకూ పొందిక ఉంది. మధ్య వరుస వచ్చి దాన్ని విరగ్గొట్టింది.

ఇంకో ఐదు అడిగాను. నాకు ఆకలేస్తోంది: ఇంగ్లీషులో "ఐ యామ్ హంగ్రీ", అక్కణ్ణుంచి "జ స్వీ ఫేఁ". ఉండాల్సింది "జే ఫేఁ", నాకు ఆకలి ఉంది. నాకు దాహం: "జే స్వాఫ్". నాకు నిద్రొస్తోంది: "జే సొమేయ్". తలనొప్పి కూడా "జే" తోనే. అన్నిట్లోనూ మనకు "నాకు" ఉన్నచోట వాళ్ళకు "జే" ఉంది. అన్నిట్లోనూ ఆమె ఇంగ్లీషు మీదుగా పోయి "ఐ యామ్" దగ్గర జారిపడింది. ఐదోది "నాకు ఉక్కగా ఉంది". ఇది "జే షో" కావాలి. "జ స్వీ షో" అంటే అర్థం నలుగురిలో అనకూడని వైపు పోతుంది. ఏప్రిల్‌లో అనంతపురం తరగతి గదిలో రోజుకు పదిసార్లు అవసరమయ్యే వాక్యం ఇది. దీన్ని ఇంగ్లీషు దారిలో నేర్పడం ఎంత ప్రమాదమో అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

"ఎందుకు మధ్యలో ఇంగ్లీషు రాస్తున్నావు?" అని అడిగాను.

"మీరు ఇంగ్లీషులోనే చెప్తారు కదా మేడమ్. అట్లనే రాయల్ల అనుకున్యా."

తప్పు ఎక్కడుందో ఆ ఒక్క మాటతో దొరికింది. పద్నాలుగేళ్ళుగా నేను ఫ్రెంచిని ఇంగ్లీషులోనే వివరిస్తూ వచ్చాను. నాకు నేర్పినవాళ్ళూ అలాగే నేర్పారు. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు ఆ దారిలో ఎలాగో నెట్టుకొస్తారు. తెలుగు మీడియం పిల్లకు మాత్రం రెండు పరాయి భాషల బరువు ఒకేసారి పడుతోంది. ఫ్రెంచి రాలేదని నేను మార్కులు కోసేసినవి చాలామటుకు ఇంగ్లీషు తప్పులు.

పన్నెండు వారాలు

వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కోటి ముప్పావు గంట, పన్నెండు వారాలు ఆమెతో పనిచేశాను. ఆమె బస్సు 5:40కి. దాన్నిబట్టే మా టైము. షరతు ఒక్కటే. ఇంగ్లీషు నోట్సు మూసేయాలి. వివరణ తెలుగులో, అభ్యాసం ఫ్రెంచిలో.

ముందు "నువ్వు, మీరు" తీసుకున్నాను. ఫ్రెంచిలో "తు" అంటే నువ్వు, "వు" అంటే మీరు. ఒక్కరికి గౌరవంగా చెప్పినా, పదిమందికి కలిపి చెప్పినా అదే "వు", అచ్చం మన "మీరు" లాగే. క్రియ కూడా బహువచనంలోకి పోతుంది, మనం "వచ్చారు" అన్నట్టే. ఇంగ్లీషులో ఇదంతా ఒక్క "యూ"లో కలిసిపోయి ఉంటుంది. ఆమె మౌఖిక పరీక్షలో నన్ను "తు" అని పిలిచిన పిల్ల. "నాతో ఎప్పుడైనా నువ్వు అని మాట్లాడతావా?" అంటే ఉలిక్కిపడింది. "అయ్యో, లేదు మేడమ్!" ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ తప్పు చేయలేదు. అవ్వను ఏమనాలని తనే అడిగింది. మీ ఇంట్లో అవ్వను ఏమంటావన్నాను. "నువ్వనే". ఫ్రాన్సులోనూ ఇప్పుడు ఇళ్ళల్లో అంతే, అవ్వకూ తాతకూ "తు".

తర్వాత ఉచ్చారణ. నిజానికి ఇక్కడే ఎక్కువ రోజులు గడిపాను. ఇంకా గడపాల్సింది.

ఫ్రెంచి తకార దకారాలు పళ్ళ దగ్గర పుడతాయి. మన త, ద లాంటివి. మన ఇంగ్లీషు ట, డ లాంటివి కావు. ప, త, క ల్లో ఊపిరి విసురు ఉండదు, అదీ మనకు అలవాటే. కానీ ఇంగ్లీషు అక్షరాలు చూడగానే పిల్లలు "టేబుల్" అన్నట్టు "టు" అంటారు. "ఆ అక్షరం కనబడితే త అను, ట అనే మాట మరిచిపో" అన్నాను. ఒక్క సాయంత్రంలో ఆమె ఫ్రెంచి సగం శుభ్రపడింది. "తాబ్ల్", "తెత్", "దు", "దీస్" అన్నీ మన నోటికి దగ్గరివి.

ముక్కుతో పలికే అచ్చులు కష్టం. "బో" అంటే అందమైన, "బోఁ" అంటే మంచి. రెండోదాంట్లో చివర నకారం లేదు, అచ్చే ముక్కులోకి పోతుంది. పిల్లలంతా "బోన్" అంటారు. రెండు వారాలు అద్దం పెట్టి, ముక్కు మూసి తెరిచి చూపించినా ఫలితం లేదు. ఒకరోజు విసుగుతో బోర్డు మీద "బో" రాసి పక్కన అరసున్న పెట్టాను. ఆమె వెంటనే, "ఇది పద్యాల్లో వస్తాది కదా మేడమ్, వాఁడు, ఏఁడు" అంది. అవును. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. ఒకప్పుడు మన భాషలోనూ ముక్కుతో పలికిన అచ్చులున్నాయి. పలుకు పోయినా గుర్తు మాత్రం కావ్యాల్లో మిగిలింది. ఆ గుర్తును తీసి ఫ్రెంచికి పెట్టుకున్నాం. బోఁ అంటే మంచి, బేఁ అంటే స్నానం, బాఁ అంటే బెంచీ. మూడింటికీ తేడా ఆమె నోట్సులో కళ్ళకు కనిపించింది, నాలుగో రోజుకు నోట్లోనూ వినిపించింది. స్త్రీలింగంలో అదే మాట "బొన్" అవుతుంది, అప్పుడు నకారం నిజంగానే పలుకుతుంది. అరసున్న పోయి పొల్లు నకారం వస్తే ఆడమాట, ఈ గుర్తు ఆమె తనకు తానే పెట్టుకుంది.

ఫ్రెంచి రేఫం, అంటే ర ధ్వని, గొంతులోంచి వస్తుంది. దీనికి నా దగ్గర మందు లేదు. పాతూరు నుంచి వచ్చే ఆమె స్నేహితురాలి దగ్గర ఉంది. ఆ పిల్లది ఉర్దూ ఇల్లు. "గజల్", "గరీబ్" అనేటప్పుడు మొదటి అక్షరం గొంతులో ఒరుసుకుంటూ వస్తుంది చూడండి, ఉర్దూ వాళ్ళు గైన్ అంటారు, ఫ్రెంచి రేఫం దానికి బాగా దగ్గర. ఇద్దరూ బస్టాండు దాకా నడుస్తూ "గరీబ్, పారీ, గరీబ్, పారీ" అనుకుంటూ పోయేవాళ్ళు. పారిస్‌ను వాళ్ళు పలికేది అలాగే, చివర సకారం లేకుండా. రాయలసీమలో ప్రతి తరగతిలోనూ ఉర్దూ పిల్లలుంటారు. వాళ్ళ నోట్లో ఇంత అవసరమైన ధ్వని ఉందని నేను ఇన్నేళ్ళూ గమనించనే లేదు.

"ఈ" అంటూ పెదవులు "ఊ"కు చాచితే వచ్చే అచ్చుకు మాత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ తోడు లేదు. దాన్ని రాయడానికి ఆమె "ఈ" చుట్టూ సున్నా చుట్టేది. గుర్తు బాగుంది. ధ్వని మాత్రం ఇప్పటికీ పదిసార్లలో నాలుగుసార్లు జారుతుంది.

ఇక సంధులు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆనందం ఇచ్చిన భాగం ఇదే.

"ల" ఉపపదం, ఇంగ్లీషు "ది" లాంటిది. "ఆమి" అంటే స్నేహితుడు. రెండూ కలిస్తే "లామి". ముందున్న చిన్న అచ్చు పోతుంది. ఇది ఎందుకని అడిగే పని లేకుండా, "రాముడు + అతడు?" అన్నాను. "రాముడతడు. ఉత్వసంధి." "ల + ఆమి?" "లామి." ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇంగ్లీషులో నేను దీనికి ఒక గంట కాదు, రెండు గంటలు పెట్టేదాన్ని.

బహువచనంలో "లే ఆమి" అనరు, "లేజామి" అంటారు. రాతలో చివరన ఉండి మామూలుగా పలకని హల్లు, పక్కన అచ్చు రాగానే బయటికొస్తుంది. మన ద్రుతం సంగతీ దాదాపు ఇంతే. "వచ్చె" అన్నప్పుడు కనబడని నకారం "వచ్చెనతడు" అన్నప్పుడు వినబడుతుంది.

మూడోది వింటే నాకే ఒళ్ళు పులకరించింది. ఫ్రెంచిలో "ఇల్ ఆ" అంటే అతనికి ఉంది. ప్రశ్న చేయాలంటే తిప్పి "ఆ ఇల్" అనాలి. రెండు అచ్చులు ఢీకొంటాయి కనుక నడుమ ఒక తకారం పెట్టి "ఆతిల్" అంటారు. ఆ తకారానికి అర్థం లేదు, అతకడమే పని. ఇది చెప్పి ఆగాను. ఆమె కాసేపు ఆలోచించి, "పల్లెటూరు" అంది.

"ఏమిటి?"

"పల్లె, ఊరు. మధ్యలో ట వచ్చింది కదా మేడమ్. టుగాగమం."

రెండు భాషల్లో అవి పుట్టిన కారణాలు వేరు, నేను ఆ మాట కూడా చెప్పాను. కానీ అవి చేసే పని ఒకటే. పదో తరగతిలో పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన సూత్రం ఆమెకు మూడేళ్ళ తర్వాత ఫ్రెంచి తరగతిలో పనికొచ్చింది. ఆ రోజు బస్సు తప్పిపోయింది, తర్వాతి బస్సుకు వెళ్ళింది.

అంకెలకు ఫోన్ నంబర్లు వాడాను. ఫ్రాన్సులో ఫోన్ నంబరు మనలాగే పది అంకెలు, రెండేసి చొప్పున ఐదు జతలుగా చెబుతారు. ఇంట్లో వాళ్ళ నంబర్లన్నీ అలా చెప్పమన్నాను. మన మొబైల్ నంబర్లలో తొంభైలు, ఎనభైలు, డెబ్భైలు ఎలాగూ వస్తాయి, ఫ్రెంచిలో కష్టమైనవీ అవే. 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 99 అంటే నాలుగు ఇరవైల పందొమ్మిది. వాళ్ళ నాన్న నంబరు చెప్పడానికి మొదటిరోజు రెండు నిమిషాలు పట్టింది. పదో వారానికి ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

తెలుగు ఆదుకోని చోట్లు

తెలుగుతో అన్నీ తేలిపోతాయని నేను అనడం లేదు. కొన్నిచోట్ల తెలుగు ఇంకా అడ్డం వచ్చింది.

మన క్రియలోనే మనిషి తెలిసిపోతాడు. "మాట్లాడతాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. ఫ్రెంచిలో జ పార్ల్, తు పార్ల్, ఇల్ పార్ల్ అన్నిట్లోనూ వినిపించేది ఒక్కటే "పార్ల్". కర్త చెప్పకపోతే ఎవరో తెలియదు. ఆమె "జ" మింగేసేది. క్రియను చివరికి తోసేది కూడా. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు వరుసే మేలు చేసింది, ఆ మాట దాచను.

లింగం మరీ కష్టం. మనకు మనుషుల్లో మగవాళ్ళు ఒకవైపు, మిగతా ప్రపంచమంతా ఒకవైపు. వాళ్ళకు బల్ల ఆడది, పుస్తకం మగది. తర్కం వెతకొద్దని మొదటే చెప్పాను. ప్రతి మాటనూ ముందున్న ఉపపదంతో కలిపే నేర్చుకోవాలి, ఉత్త "తాబ్ల్" కాదు, "యూన్ తాబ్ల్". ఆమె ఇంటి వస్తువుల మీద రెండు రంగుల చీటీలు అంటించింది. వేరుశనగ బస్తా మీదా ఒకటి. ఫ్రెంచిలో "కాకవెత్", స్త్రీలింగం. మా పాఠ్యపుస్తకంలో జున్ను, రొట్టె, ద్రాక్షసారా ఉన్నాయి, ఈ మాట లేదు. మా నాన్న ఏం పండిస్తాడో చెప్పలేని ఫ్రెంచి నాకెందుకు అన్నట్టు ఆమె మొహం పెడితే నేనే చెప్పాను. ఆమె తప్పు లేకుండా చెప్పిన మొట్టమొదటి పొడవాటి వాక్యం ఆ పంట గురించే.

ఇక నా పొరపాటు. ఉచ్చారణ కోసం తెలుగు లిపి వాడనిచ్చాను, అది సరే. ఐదు వారాల దాకా ఆపలేదు, అది తప్పు. అరసున్నలతో అందంగా రాసుకున్న పిల్ల, ఫ్రెంచి స్పెల్లింగు దగ్గరికి వచ్చేసరికి విన్నది విన్నట్టు రాసింది. ఫ్రెంచి రాతలో చాలా అక్షరాలు పలకవు. చివరి హల్లుల్లో సి, ఆర్, ఎఫ్, ఎల్ ఎక్కువగా పలుకుతాయి, మిగతావి చాలామటుకు మౌనం. ఆ మౌనంగా ఉన్న అక్షరాలే ఏకవచనమో బహువచనమో చెబుతాయి, మార్కులు అక్కడే పోతాయి. ఇప్పుడు నేను తెలుగు లిపిని రెండు వారాలకు మించి వాడనివ్వను. మూడో వారం నుంచి విన్న ప్రతి మాటనూ ఫ్రెంచి రాతలో రాసి, పలకని అక్షరాల కింద గీత గీయాలి.

ఇంకొకటి. ఇదే పద్ధతి తరగతి మొత్తానికి పెట్టి చూశాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన ఒక అబ్బాయి ఉత్వసంధి పేరు చెప్పగానే తెల్లమొహం వేశాడు. "మేడమ్, నాకు ఫ్రెంచే ఈజీగా ఉంది" అన్నాడు. అతనికి పాత దారే మేలు. ఎవరికి ఏ భాష లోతుగా వచ్చో మొదటి వారమే కనుక్కోవాలి. ఇప్పుడు అందరికీ ఆ మూడు వరుసల కాగితం పరీక్ష పెడుతున్నాను. పావుగంట పని.

ఫలితం

మొదటి సెమిస్టర్ ఆమె మామూలు మార్కులతో గట్టెక్కింది. రెండోదాంట్లో తరగతిలో పై వరుసకు వచ్చింది. తర్వాత డెల్ఫ్ ఏ1 రాస్తానంది. ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే పట్టా అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 చొప్పున మొత్తం 100. 50 వస్తే పాసు, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5కి తగ్గకూడదు. బెంగళూరు వెళ్ళి రాసింది, వాళ్ళ నాన్న తోడు వెళ్ళాడు. మొత్తం 64 వచ్చాయి. మాట్లాడటంలో 21, రాయడంలో 9. ఆ 21 ఎంత నిజంగా ఆమె సొంతమో, ఆ 9 అంత నిజంగా నాది.

మాట్లాడే పరీక్షలో రెండో భాగానికి కొన్ని మాటలున్న చీటీలిస్తారు, వాటితో అభ్యర్థే పరీక్షకుణ్ణి ప్రశ్నలడగాలి. "కుటుంబం" అన్న చీటీ వచ్చిందట. ఫ్రెంచిలో మేనమామకూ బాబాయికీ ఒకటే మాట, "ఓఁక్ల్". ఈమె ఎదుటావిడను "మీకు ఓఁక్ల్ ఉన్నాడా?" అని "వు" పెట్టి అడిగి, "మీ అమ్మ తరఫా, నాన్న తరఫా?" అని కూడా అడిగిందట. ఆ రెండో ప్రశ్న నేను నేర్పలేదు.

ఇప్పుడామె రెండో ఏడాదిలో ఉంది. రఫ్ కాగితం మీద మధ్య వరుస లేదు. పై వరుస కూడా అప్పుడప్పుడు ఉండటం లేదు. నిన్న "నేను అన్నం తింటాను" అని రాయమంటే "జ మాఁజ్ రీ" అని రాసింది. "జ మాఁజ్ ద్యు రీ" అనాలి. కొంత అన్నం అని చెప్పే ఆ చిన్న "ద్యు" లాగా తప్పనిసరిగా పెట్టాల్సిన మాట తెలుగులో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. దీనికి ఏ దారీ నాకు ఇంకా దొరకలేదు. ఈ వారం ఇద్దరం కలిసి ఇంట్లో రోజూ తినేవాటి జాబితా రాస్తున్నాం, ప్రతిదాని ముందూ ఆ మాట పెట్టి. సంగటి దాకా వచ్చాం.